పద్మనాభం కొండ ఎదురుగా పద్నాలుగు నెలలు: ఒక వయోధికుల నివాసం గురించి

రాత్రి రెండు గంటలకు గంట మోగితే ఎవరు లేస్తారు? ఎంతసేపట్లో తలుపు దగ్గరికి వస్తారు? ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో పనిచేసినదాన్ని. వయసు మళ్ళినవాళ్ళుండే ఏ చోటునైనా ముందు ఈ రెండు ప్రశ్నలతోనే కొలుస్తాను. పద్మనాభం మండలంలో మేము ఉంటున్న ఈ వయోధికుల నివాసాన్నీ అలాగే కొలిచాను. మొదటిసారి అది తప్పింది. తరువాత దిద్దుకుంది. విశాఖపట్నం వదిలి పల్లె పట్టున స్థిరపడదామని ఆలోచిస్తున్నవాళ్ళకు ఉపయోగపడుతుందని ఇదంతా రాస్తున్నాను.

పేరు మాత్రం రాయను. డిపాజిట్ విషయమై యాజమాన్యంతో మాటలు ఇంకా నడుస్తున్నాయి. పైగా ఆనందపురం, భీమిలి, పద్మనాభం వైపు ఏ నివాసాన్ని చూడటానికి వెళ్ళినా ఇవే విషయాలు అడగాలి.

మాది అక్కయ్యపాలెంలో మూడో అంతస్తు ఫ్లాటు. లిఫ్టు లేదు. నేను 2021లో ప్రభుత్వ ఆసుపత్రి నుంచి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. మా ఆయన అంతకు మూడేళ్ళ ముందే పోర్టు ఉద్యోగం నుంచి విరమించారు. ఆయన మోకాళ్ళు ఆ మెట్లను ఇక ఒప్పుకోలేదు. ఆయనకు కిటికీ తీస్తే వరిచేను కనిపించాలి. నాకు గంటలో స్కాన్ తీసే ఆసుపత్రి అందాలి. ఇద్దరి మాటా నెగ్గిన చోటు ఇది.

దూరాలు నేను స్వయంగా కొలిచాను. సంతకం పెట్టే ముందు మా అన్నయ్యగారి అబ్బాయి కారులో రెండుసార్లు తిరిగి చూశాం, ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి సాయంత్రం ఆరున్నరకు. గేటు నుంచి బయలుదేరి ఆనందపురం దగ్గర జాతీయ రహదారి ఎక్కి, హనుమంతవాక దగ్గరి విమ్స్ ఆసుపత్రికి చేరడానికి తెల్లవారుజామున 46 నిమిషాలు పట్టింది. సాయంత్రం అదే దారికి 72 నిమిషాలు. మధురవాడ దగ్గర ఆఫీసులు వదిలే వేళ వాహనాలు కదలవు. అక్కడి నుంచి మహారాణిపేటలోని కేజీహెచ్‌కు, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రికి, మరో అరగంట వేసుకోవాలి. అమ్మేవాళ్ళు "నగరానికి ముప్పావు గంట" అంటారు. ఏ వేళ ముప్పావు గంటో అడగండి.

ఈ నిమిషాల పట్టింపు ఎందుకో చెప్పాలి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే, ఆ గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఇచ్చే ముందు సీటీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. గుండెపోటుకైతే తొలి గంటే ప్రాణం. దారిలో గంటా పావు పోయినా మిగిలిన సమయం చాలుతుందా అని నేను, మా ఆయన ఒక రాత్రంతా కాగితం మీద లెక్క వేసుకున్నాం. మూతి ఒకవైపు లాగిందని ఇంట్లో వాళ్ళు వెంటనే గమనిస్తే చాలుతుంది. పడుకుని లేస్తే తగ్గుతుందిలే అని తెల్లవారేదాకా చూస్తే చాలదు. వార్డులో నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది ఆ రెండో రకమే. వాళ్ళ బంధువుల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇక జరిగింది చెబుతాను.

మేము చేరింది నిరుడు మే నెలలో. ఆగస్టులో ఒక వాన రాత్రి మా ఆయన స్నానాల గదిలో జారిపడ్డారు. టైము రెండూ పది. గోడకు ఎర్ర బటన్ ఉంది. నొక్కాను. ఎవరూ రాలేదు. మళ్ళీ నొక్కాను. ఆయన తుంటిని కదపకుండా, తల కింద తువ్వాలు పెట్టి, నాడి చూస్తూ కూర్చున్నాను. నాడి నిమిషానికి 104. ఇంతలో కరెంటు పోయింది. పదకొండు నిమిషాల తరువాత వచ్చింది వాచ్‌మన్ కాదు, పక్కింటి రిటైర్డ్ తెలుగు మాస్టారు, చేతిలో టార్చి లైటుతో. నా కేక విని వచ్చారు. మాస్టారి కారులోనే నగరానికి వెళ్ళాం. తుంటి విరగలేదు, మణికట్టు విరిగింది.

మర్నాడు నేను చేసిన మొదటి పని ఆ బటన్ తీగ ఎక్కడికి వెళుతుందో వెతకడం. అది గేటు పక్క గదిలోని గంటకు కలిపి ఉంది. రాత్రి ఒంటి గంట నుంచి వాచ్‌మన్ వెనుక గోడ వైపు గస్తీ తిరుగుతాడు. ఆ గంట మోగితే వినేవాళ్ళు లేరు. కరెంటు పోతే అసలు మోగనే మోగదు. ఏజెంటు మాకు ఆ బటన్‌ను ఎంతో గొప్పగా చూపించాడు. నేను కూడా నొక్కి చూడలేదు. పగటిపూట, మేనేజరు పక్కనుండగా ఎందుకులే అనుకున్నాను. మీరు వెళ్ళినప్పుడు నొక్కి చూడండి. వీలైతే ఒక రాత్రి అతిథి గదిలో పడుకుని, రెండు గంటలకు లేచి నొక్కండి. మొహమాటపడకండి.

ఆ ఆదివారం నివాసులందరం భోజనశాలలో కూర్చున్నాం. మొత్తం 34 ఇళ్ళు, అప్పటికి మనుషులున్నవి 21. నేను మూడు కోరికలు రాసి ఇచ్చాను. బటన్ నొక్కితే ఇద్దరు సిబ్బంది సెల్‌ఫోన్లకు వెళ్ళాలి. దానికి బ్యాటరీ ఉండాలి. వ్యాను డ్రైవరు రాత్రిళ్ళు ఆవరణలోనే పడుకోవాలి, అందుకు అతనికి వేరే జీతం ఇవ్వాలి. మూడోదానికి మేనేజరు వెనకాడాడు. మాస్టారు లేచి, ఆ డబ్బు ఇళ్ళవారీగా పంచుకుంటామన్నారు. ఇంటికి నెలకు 400 రూపాయలు పడింది. సెప్టెంబరు నెలాఖరుకు మూడూ జరిగాయి. జనవరిలో మూడో వరుస ఇంట్లో ఒకావిడకు అర్ధరాత్రి ఊపిరాడకపోతే, బటన్ నొక్కిన నాలుగు నిమిషాలకు డ్రైవరు వ్యానుతో వాకిట్లో ఉన్నాడు. ఆవిడ ఇప్పుడు రోజూ నాతో సాయంత్రం నడకకు వస్తారు. మొదట ఒక్క నక్షత్రం ఇద్దామనుకున్న దాన్ని ఈ చోటుకు మూడున్నర ఇస్తున్నానంటే ఆ నాలుగు నిమిషాలే కారణం.

డాక్టరు రోజూ వస్తారని కరపత్రంలో ఉంది. వచ్చేది మంగళవారం, శుక్రవారం, గంట చొప్పున. మంచి డాక్టరే, ఓపికగా చూస్తారు. కానీ రోజూ అన్నది రోజూ కాదు. పగలు ఒక నర్సు అమ్మాయి ఉంటుంది. శ్రద్ధగల పిల్ల. బీపీ పట్టీ కట్టేటప్పుడు చేయి గుండె ఎత్తున ఉండాలని ఒకసారి చెబితే మళ్ళీ చెప్పనివ్వలేదు.

ఇళ్ళ గురించి. ఒక్క అంతస్తువి, రెండు గదులు, ముందు వరండా, వెనుక చిన్న పెరడు. గాలి బాగా వస్తుంది. అయితే స్నానాల గది ద్వారం 27 అంగుళాలే. చక్రాల కుర్చీ వెడల్పే దాదాపు అంత ఉంటుంది, దాన్ని తోసేవాళ్ళ చేతులు ఎక్కడ పట్టాలి? కనీసం 32 అంగుళాలు ఉండాలి. గడప కూడా తీసేయాలి. వయసు మళ్ళినవాళ్ళకని కట్టిన ఇంట్లో ఈ పొరపాటు జరగడం నాకు నిజంగా కోపం తెప్పించింది. కొత్తగా కడుతున్న ఆరిళ్ళలో సరిచేశారు. మా ఇంట్లో పట్టుకునే కమ్మీలు మాత్రం బిగించారు. చూడటానికి వెళ్ళేటప్పుడు కొలత టేపు తీసుకెళ్ళండి.

భోజనం గురించి ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇక్కడ నిలబడాలా వద్దా అన్నది రోజుకు మూడుసార్లు తేలేది ఆ బల్ల మీదే.

వంట చేసేది పక్క ఊరి నుంచి వచ్చే ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దావిడను అందరం వదినా అనే పిలుస్తాం. ఆవిడ నన్ను నర్సమ్మగారూ అంటారు. పొద్దున చోడి (రాగి) అంబలి తప్పకుండా ఉంటుంది, మజ్జిగ కలిపి, పక్కన ఉల్లిపాయ ముక్కతో. షుగరున్న మాలాంటివాళ్ళకు ఇడ్లీలు రెండే వేసి, అంబలి గ్లాసు పక్కన పెడతారు. మధ్యాహ్నం పప్పు, ఒక కూర, ఒక పచ్చడి, చారు. కంద బచ్చలి కూరలో ఆవ పెట్టడం ఆవిడకు తెలిసినట్టు నగరంలో ఏ హోటల్లోనూ తెలియదు. ఆవ నూరిన వెంటనే కలిపేయరు. కూర దింపి, వేడి కొంచెం తగ్గాక కలుపుతారు, లేకపోతే చేదెక్కుతుందట. పనసకాయల కాలంలో పనసపొట్టు కూర వారానికి రెండుసార్లు. బుధ, ఆదివారాలు భీమిలి నుంచి చేపల గంపతో ఒకామె వస్తుంది. నెత్తళ్ళు వస్తే మామిడికాయ వేసి వండుతారు. ఆ రోజు మాస్టారు మధ్యాహ్నం నిద్ర మానుకుని మరీ రెండోసారి అన్నం పెట్టించుకుంటారు.

మొదటి నెలల్లో పప్పు ఉడికేది కాదు. వదినను అందరూ తప్పుపట్టారు. నాకు అనుమానం వచ్చి కెటిల్ అడుగు గీకి చూస్తే తెల్లటి సున్నం పొర. బోరు నీళ్ళు కఠిన జలం. సున్నం ఎక్కువున్న నీళ్ళలో కందిపప్పు పలుకుగానే ఉండిపోతుంది, ఎంత మంట పెట్టినా మెత్తబడదు. పప్పుకు మాత్రం ఆర్వో నీళ్ళు వాడమని చెప్పాక రెండు విజిల్స్‌కే వెన్నలా వచ్చింది. ఆవిడ ఆ రోజు నా చేయి పట్టుకుని, "నా చేతిలో ఏ లోపమూ లేదని చెప్పారు, అది చాలు" అన్నారు. గీజర్లలో కూడా ఆ సున్నం పేరుకుంటుంది, ఏడాదికోసారి తీయించాలి. ఇల్లు చూడబోయినప్పుడు కుళాయి మూతి మీద తెల్లని పెచ్చు ఉందో లేదో చూడండి.

సంక్రాంతికి నాలుగు రోజులు వంటశాల మూతపడింది. వండేవాళ్ళకూ పండగే కదా, వాళ్ళను వెళ్ళవద్దనడం అన్యాయం. తగరపువలస నుంచి పొట్లాలు తెప్పిస్తామన్నారు మేనేజరు. భోగి నాడు వచ్చిన పొట్లంలో అన్నం చల్లారిపోయి, కూరలో కారం తప్ప మరేమీ లేదు. ఆ సాయంత్రం మేము వంటశాల తాళం అడిగి తీసుకున్నాం. పిల్లలు రాని ఇళ్ళు తొమ్మిది. పదహారుమందిమి. ఎనభై దాటిన ఒకావిడ కుర్చీలో కూర్చుని గుమ్మడికాయ పులుసుకు కొలతలు చెప్పారు. మా ఆయన కట్టు విప్పిన చేత్తో బియ్యం కడిగారు. ఒక మేజరుగారు, సైన్యంలో పనిచేసినాయన, ఇంట్లో ఎప్పుడూ పొయ్యి దగ్గరికి రానివారు, గారెలు వేయించారు. మా అమ్మాయి బెంగళూరు నుంచి రాలేకపోయింది. ఆ దిగులుతో ఉన్న నాకు ఆ మూడు రోజులూ ఎలా గడిచాయో తెలియలేదు. వచ్చే సంక్రాంతికి ముందే వంటకు ఏర్పాటు చేయాలని అగ్రిమెంటులో రాయించాం. అయినా మా పదహారుమందిమీ మళ్ళీ తాళం అడుగుతామనే అనుకుంటున్నాను.

ఇంత చెప్పి కొండ గురించి చెప్పకపోతే తప్పు. మా వరండా నుంచి అనంత పద్మనాభస్వామి కొండ ఎదురుగా కనిపిస్తుంది. పైన అనంత పద్మనాభుడు, కింద కుంతీమాధవస్వామి. మెట్లు వెయ్యికి పైనే, నేను సగం దాకా ఎక్కి ఆగిపోయాను. కార్తీక అమావాస్య సాయంత్రం ఆ మెట్ల పొడవునా దీపాలు పెడతారు. చీకటి పడేకొద్దీ కొండ మీద వెలుగు గీత ఒక్కో మలుపూ తిరుగుతూ పైకి పాకుతుంది. నిరుడు నివాసులందరం కుర్చీలు వరండాల్లోంచి బయటికి తెచ్చుకుని, ఎవరూ మాట్లాడకుండా చూశాం. 1794 జులై 10న విజయనగరం రాజు విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి చనిపోయింది ఈ పద్మనాభంలోనే. మొన్న ఆ తేదీకి మాస్టారు భోజనశాలలో అరగంట ఆ యుద్ధం కథ చెప్పారు. అల్లూరి సీతారామరాజు పుట్టిన పాండ్రంగి కూడా ఈ మండలంలోనిదే, గోస్తనీ ఒడ్డున. ఆ నది బొర్రా వైపు అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి జలాశయంలో ఆగి, భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్ళు విశాఖపట్నానికీ వెళతాయి. ఇన్నేళ్ళూ అక్కయ్యపాలెం కుళాయి దగ్గర బిందె పెట్టిన దాన్ని, ఆ నీటిలో ఈ నది కూడా ఉందని ఇక్కడికి వచ్చాకే ఆలోచించాను.

జులైలో నాట్లు, డిసెంబరు దాకా కోతలు, వేసవిలో తాటిముంజలు. కోతల వేళ పాముల జాగ్రత్త తప్పదు. ఎలుకలు చేలలోంచి ఇళ్ళవైపు వస్తాయి, వాటి వెనుక పాములు. రాత్రి పెరట్లోకి టార్చి లేకుండా అడుగు పెట్టకండి, నేల మీద పడుకోకండి. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పే తెలియదు. కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నోటితో పీల్చడం ఏదీ చేయకండి. ఆ అవయవాన్ని కదలనీయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. విరుగుడు మందు ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని ఫోన్ నంబరు తలుపు వెనుక అంటించాను. మా సముదాయంలో నడక దారి పొడవునా నేలకు దగ్గరగా దీపాలు పెట్టారు. ఆ పని చేసినవాళ్ళకు నా ధన్యవాదాలు.

గురువారం వ్యాను నగరానికి వెళుతుంది. పొద్దున తొమ్మిదికి బయలుదేరి, నాలుగున్నరకు తిరుగు ప్రయాణం. మా ఆయన ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం దగ్గర దిగిపోతారు. నేను పూర్ణా మార్కెట్టులో సరుకులు, బ్యాంకు పనులు చూసుకుంటాను. లోటు ఎక్కడంటే సాయంత్రాలు. నగరంలోని కళాభారతి సభాభవనంలో కచేరీ ఉంటే అయ్యేసరికి రాత్రి అవుతుంది, వ్యాను ఉండదు. కిరాయి కారుకు వెయ్యికి పైనే అవుతుంది. సంగీతం అంటే ప్రాణమైనవాళ్ళు ఈ విషయం బాగా ఆలోచించుకోవాలి. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఇందుకోసమే మార్చిలో తిరిగి నగరానికి వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పేమీ లేదు.

డబ్బు సంగతి. మేము ఇల్లు కొనలేదు. డిపాజిట్ పన్నెండు లక్షలు, ఇద్దరికీ భోజనంతో కలిపి నెలకు 38,000. కరెంటు, మందులు వేరే. ఖాళీ చేస్తే డిపాజిట్ మరొకరు ఆ ఇంట్లో చేరాక తిరిగి ఇస్తామని పత్రంలో ఉంది. దీనికి నేను ఇంకా ఒప్పుకోలేదు. కొత్తవాళ్ళు రాకపోతే మా డబ్బు ఎన్నాళ్ళు ఉండిపోవాలి? తొంభై రోజుల గడువు రాసి ఇమ్మని అడుగుతున్నాం. ఇద్దరిలో ఒకరు పోతే మిగిలినవారు అదే ఇంట్లో, ఒకరికి తగ్గ రుసుముతో ఉండవచ్చా అన్నది కూడా అడగండి. ఆ ప్రశ్న అడగడానికి నోరు రాదు. మా ఆయన పక్కనుండగానే అడిగాను.

కొనాలనుకునేవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. విశాఖ నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి ఉన్న లేఅవుటా, స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదైందా, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీస్తే ఏముంది, ఈ మూడూ కాగితం మీద చూడాలి. భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. స్థలాలు అమ్మేవాళ్ళ నోట మొదట వచ్చే మాట అదే. సెంటు ధర ఎంత పెరుగుతుందో చెబుతారు కానీ, మీకు డెబ్బై ఐదేళ్ళు వచ్చాక ఆ ఇంటి బల్బు ఎవరు మారుస్తారో చెప్పరు. ముందు ఒక ఏడాది అద్దెకు ఉండండి. ఎండ, వాన, తుపాను, కోతలు, పండగ అన్నీ ఒకసారి చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను వార్డులో ఉన్నాను. నగరంలోనే కరెంటు లేక రోజుల తరబడి అల్లాడాం. అందుకే ఇక్కడ జనరేటర్‌కు ఎన్ని రోజుల డీజిల్ నిల్వ ఉంచుతారని అడిగాను. రెండు రోజులకు అన్నారు. నాలుగు రోజులకు పెంచమని రాసిచ్చాను, ఇంకా పెంచలేదు. అక్టోబరులోపు పెంచాలి.

అగ్రిమెంటు మరో ఏడాదికి పొడిగించుకున్నాం. చూడటానికి రావాలనుకునేవాళ్ళు మంగళవారం రండి. డాక్టరు ఉంటారు, మధ్యాహ్నం పన్నెండున్నరకు భోజనం. అతిథులకు నూట ఇరవై రూపాయలు. తిన్నాక మూడో వరుస చివర వేపచెట్టు కింద బల్ల దగ్గర ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. మేనేజరు లేకుండా వాళ్ళతో మాట్లాడండి. నాలుగు దాటితే నేనూ అక్కడే ఉంటాను, నడకకు బయలుదేరే ముందు.